తమ్ముణ్ణి బలవంతంగా చేర్పించాలా? ఈ నెల ఉత్తరాలు, జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే నాలుగు ఉత్తరాలు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. ఒప్పుకోని మనిషిని మానసిక ఆసుపత్రిలో పెట్టడం గురించి. ఒకరు పెడదామనుకుంటున్నారు, ఒకరు తనని పెట్టేస్తారేమోనని భయపడుతున్నారు, ఒకరు ఇప్పటికే లోపలికి వెళ్ళి వచ్చారు. అందుకని ఈ నెల ఇవే. నిద్ర పట్టడం లేదు, పరీక్షల టెన్షన్ అని రాసినవాళ్ళు ఏమనుకోకండి, మీ జవాబులు వచ్చే నెల.

ప్రశ్న: డాక్టరు గారూ, మా తమ్ముడికి 29 ఏళ్ళు. బీటెక్ చదివి హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చేశాడు. స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు) అన్నారు. నాలుగేళ్ళ క్రితం బాగా ముదిరితే చేతులు కట్టేసి కారులో తీసుకెళ్ళి చేర్చాం, తగ్గింది. ఎనిమిది నెలల నుంచి లావైపోతున్నానని మందులు మానేశాడు. నాన్నగారు పోయి ఏడాది, ఇప్పుడు విజయవాడ పటమటలో అమ్మా, వాడూ ఇద్దరే ఉంటారు, నేను తెనాలిలో ఉంటాను. అమ్మ మజ్జిగలో మాత్ర పొడి చేసి కలుపుతోంది. ఈ మధ్య ఇంట్లో అన్నం ముట్టడం లేదు, బిస్కెట్ ప్యాకెట్లు తనే కొనుక్కుని తింటున్నాడు, చిక్కిపోయాడు. పక్కింటివాళ్ళు గోడ అవతలి నుంచి తిడుతున్నారని మొన్న రాత్రి రెండింటికి వెళ్ళి వాళ్ళ గేటు బాదాడు. ఇంకోసారి జరిగితే పోలీసులకి చెప్తామన్నారు. మా మామయ్య నలుగురు మనుషుల్ని తెస్తాను, ఎత్తుకెళ్దాం అంటున్నాడు. ఇష్టం లేని మనిషిని ఎప్పుడు చేర్చవచ్చు? — ఒక అక్క, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ మజ్జిగ సంగతి చూడాలి. మాత్ర రాసిన డాక్టరుకి ఈ రోజే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆయన సలహాతో దాన్ని ఆపించండి. అమ్మగారిని తప్పు పట్టడం లేదు, చాలా ఇళ్ళల్లో జరిగేదే, ఒక్కోసారి డాక్టర్లు కూడా తెలిసీ తెలియనట్టు ఊరుకుంటారు. కానీ ఇంట్లో వండిన అన్నం మానేసి సీలు ఊడని ప్యాకెట్టు మాత్రమే తింటున్నాడంటే ఏమిటి అర్థం? తిండిలో ఏదో కలుపుతున్నారని అనుమానం. మనం దాన్ని జబ్బు లక్షణం అని రాసుకుంటాం, కానీ నిజంగానే కలుపుతున్నాం కదా! ఏదో ఒక రోజు గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపిస్తుంది, ఆ తర్వాత అమ్మ చేతి నీళ్ళు కూడా తాగడు. పైగా సగం గ్లాసు వదిలేస్తే సగం మందే లోపలికి వెళ్తుంది, అసలు ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

ఇక మీరడిగింది. మన దేశంలో ఇది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జరగాలి, 2018 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు 1987 చట్టం ఉండేది, దాని కింద మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి ఆర్డరు తెచ్చుకునే పద్ధతి ఉండేది, ఇప్పటికీ చాలామంది పెద్దవాళ్ళు కోర్టు కాగితం కావాలనే అనుకుంటారు. ఇప్పుడు మామూలుగా అది అక్కర్లేదు. అలాగని ఇంట్లోవాళ్ళు సంతకం పెడితే సరిపోదు కూడా. ఒక సైకియాట్రిస్టు, ఇంకో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో, ఇద్దరూ చేర్చే రోజున గానీ దానికి ముందు ఏడు రోజుల్లో గానీ విడివిడిగా చూడాలి. ఈ మధ్య తనకు తాను హాని చేసుకోబోయాడా లేక చేసుకుంటానని బెదిరించాడా, ఇతరుల మీద దౌర్జన్యం చేశాడా లేక కొడతాడేమోనని వాళ్ళు భయపడేలా ప్రవర్తించాడా, తన ఒంటిని తాను చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నాడా. ఈ మూడింటిలో ఒకటైనా ఉండాలి. దాంతోపాటు తన వైద్యం గురించి తాను నిర్ణయించుకునే స్థితిలో లేడనీ, ఇంతకన్నా తక్కువ కట్టడితో వైద్యం కుదరదనీ తేలాలి. జబ్బు ఉందనో, మందులు మానేశాడనో, ఉద్యోగం చెయ్యడం లేదనో చేర్చడానికి లేదు.

మీ తమ్ముడి విషయంలో గేటు బాదడం అంచు మీద ఉంది, నిజం చెప్పాలంటే నాకు దానికన్నా తిండి మానేయడమే ఎక్కువ కంగారుగా ఉంది. లావవుతున్నానని మందు మానేసిన పిల్లాడు ఇప్పుడు బిస్కెట్ల మీద బతుకుతున్నాడు. ఈ వారంలో బరువు ఎంత తగ్గాడో చూడండి, నీళ్ళు తాగుతున్నాడో లేదో చూడండి.

ఒకవేళ చేర్చాల్సి వస్తే అది 30 రోజుల వరకు. దాటితే మళ్ళీ ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి. ఆ మొదటి 30 రోజుల్లో తనంతట తాను నిర్ణయం తీసుకునే స్థితికి వచ్చాడా అని ఏడు రోజులకోసారి చూస్తుండాలి. ఆసుపత్రివాళ్ళు ఏడు రోజుల్లో, ఇలాంటి అడ్మిషన్లని పరిశీలించే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి తెలియజేయాలి, ఆడవాళ్ళూ మైనర్లూ అయితే మూడు రోజుల్లోనే. నా తరఫున ఫలానావారు మాట్లాడతారు అని మీ తమ్ముడు ముందే రాసిపెట్టి ఉంటే ఆ మనిషే సంతకం పెట్టాలి. రాయకపోతే అమ్మగారో మీరో.

ఇంకో మాట. బలవంతపు అడ్మిషన్లు ఎవరికి ఎక్కువ అవుతున్నాయని 22 దేశాల్లోని 77 పరిశోధనల్ని కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ 2019లో వచ్చింది, ఎక్కువగా డబ్బున్న దేశాలవే. మగవాళ్ళు, పెళ్ళి కానివాళ్ళు, పని లేనివాళ్ళు, స్కిజోఫ్రేనియా లాంటి జబ్బో, ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలారో ఉన్నవాళ్ళు, చేరక ముందు మందులు సరిగ్గా వేసుకోనివాళ్ళు, తనకి జబ్బుందని ఒప్పుకోనివాళ్ళు, ఇతరులకి ప్రమాదం అని అనిపించుకున్నవాళ్ళు, పోలీసుల ద్వారా వచ్చినవాళ్ళు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇదివరకు ఒకసారి బలవంతంగా చేరినవాళ్ళు. మీ ఉత్తరం పక్కన పెట్టుకుని చదివితే దాదాపు ప్రతిదానికీ టిక్కు పడుతోంది, పోలీసు ఒక్కడే ఇంకా గుమ్మం దాకా రాలేదు. ఇవి ఉంటే తప్పకుండా అలా జరుగుతుందని కాదు, ఇవి కలిసి కనిపిస్తున్నాయని మాత్రమే. ఇందులో జబ్బుకి సంబంధించినవి కొన్నే, మిగతావి మనిషి చుట్టూ ఎవరున్నారు, ఎంత ఆలస్యంగా కదిలారు అన్నవి. ఇంగ్లండులో తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లజాతివాళ్ళని బలవంతంగా చేర్చేది చాలా ఎక్కువ. అదంతా జబ్బు తీవ్రత వల్లే అంటే నేను నమ్మను. ఇక్కడ మాత్రం? బెంజి సర్కిల్ దగ్గర అపార్టుమెంటులో అరిచే ఇంజనీరుకీ, ఫ్లైఓవర్ కింద అరిచే కూలీకీ ఒకే మర్యాద దొరుకుతుందా చెప్పండి.

మగవాడు కావడం మార్చలేం, నాన్నగారిని తేలేం. మార్చగలిగినవి మూడున్నాయి. ఒకటి బరువు. ఈ మందుల్లో కొన్ని నిజంగానే ఆకలి పెంచి బరువు పెంచుతాయి, అది బద్ధకం కాదు, వాడి ఫిర్యాదు న్యాయమైనదే. బరువు మీద తక్కువ ప్రభావం ఉన్న మందుకి మార్చవచ్చు. రోజూ మాత్ర గొడవ వద్దనుకుంటే నెలకో పదిహేను రోజులకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, తను ఒప్పుకుంటేనే. "మందు వేసుకుంటావా చస్తావా" అని కాకుండా "లావు కాని మందు ఉందేమో అడుగుదాం వస్తావా" అని అడిగి చూడండి, ఆ రెండో మాటకి లేచి చెప్పులేసుకున్నవాళ్ళని నేను చూశాను.

రెండోది, నాలుగేళ్ళ నాటి ఆ కారు ప్రయాణం. దాని గురించి ఇన్నాళ్ళలో ఎప్పుడైనా వాడితో మాట్లాడారా? నేను అడిగిన ఇళ్ళల్లో దాదాపు ఎవరూ మాట్లాడరు, తగ్గిపోయింది కదా అని వదిలేస్తారు. నా ఓపీకి వచ్చే ఒకతను ఎన్నేళ్ళయినా కుడి మణికట్టు మీద చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూనే కూర్చుంటాడు, అక్కడ మచ్చ కూడా లేదు. తాడు ఎవరు తెచ్చారో, ఎవరి కండువాతో కట్టారో అన్నీ చెప్తాడు. మామయ్యగారి నలుగురు మనుషులూ వద్దు. గొలుసులతో కట్టడం చట్టప్రకారం నిషిద్ధం. ఆసుపత్రిలో కూడా అప్పటికప్పుడు జరగబోయే ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే కట్టాలి.

మూడోది పక్కింటివాళ్ళు. మీరు వెళ్ళి జబ్బు సంగతి చెప్పి, మీ నంబరిచ్చి, స్టేషనుకి ముందు నాకు ఫోన్ చెయ్యండి అని అడగండి. పరువు పోతుందని అమ్మగారు అంటారు, రాత్రి రెండింటికి గేటు బాదాక దాచడానికి ఇంకేం మిగిలిందని!

ఈలోపు పరిస్థితి చెయ్యి దాటితే, అంటే ప్రాణం మీదికి వస్తే, ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర వైద్యం చెయ్యవచ్చు, ఆసుపత్రికి తరలించడం కూడా అందులో భాగమే. 108కి ఫోన్ చెయ్యండి. విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. పాత మందుల చీటీలు, మొదటిసారి డిశ్చార్జి కాగితం ఒక కవరులో పెట్టి సిద్ధంగా ఉంచుకోండి, ఆ కంగారులో బీరువా తాళం కూడా దొరకదు. ఏం చెయ్యాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, ప్రైవేటు స్కూల్లో టీచరుని. రెండో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చి కొత్తపేటలో ఒక డాక్టరు దగ్గర ఆరు నెలలు మందులు వాడాను. ఇప్పుడు బాగున్నాను. మా ఆయనకీ నాకూ ఇంటి స్థలం విషయంలో గొడవలు. మాటకి ముందు "నీ పాత చీటీలు నా దగ్గరున్నాయి, పిచ్చిదానివని ఆసుపత్రిలో వేయించి విడాకులు తీసుకుంటా" అంటున్నారు. అలా చెయ్యగలరా? — పేరు వద్దు, గుంటూరు బ్రాడీపేట

జవాబు: పాత చీటీలతో ఆయన ఏమీ చెయ్యలేరు. గతంలో వైద్యం చేయించుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బుందని తేల్చకూడదని చట్టంలోనే రాసి ఉంది. ఇంట్లోవాళ్ళ మాట వినదు, సంప్రదాయం పాటించదు, గుడికి రాదు లాంటివి కూడా మానసిక జబ్బుకి రుజువు కావు. ఇద్దరు విడివిడిగా మిమ్మల్ని చూడాలి, మీతో మాట్లాడాలి. పిల్లల్ని తయారు చేసి స్కూలుకి వెళ్ళి పాఠం చెప్పి వచ్చే మనిషిని చేర్చమని అడిగితే నేనైతే అడిగినాయన వైపే అనుమానంగా చూస్తాను.

అయినా ఒక జాగ్రత్త. మీరు ఎవరినీ ప్రతినిధిగా రాసుకోకపోతే దగ్గరి బంధువుగా ఆయనే ముందుకొస్తారు. తెల్ల కాగితం మీద "నా ప్రతినిధి ఫలానా" అని మీ అన్నయ్యదో అమ్మదో పేరు రాసి, సంతకం పెట్టి, వాళ్ళ సంతకమూ తీసుకుని ఒక కాపీ స్కూల్లో మీరు నమ్మే టీచరు దగ్గర ఉంచండి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకవేళ ఎవరైనా చేర్చినా పై జవాబులో చెప్పిన రివ్యూ బోర్డుకి దరఖాస్తు పెట్టుకునే హక్కు, ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు మీకున్నాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఇప్పుడే ఒకసారి వెళ్ళి రండి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

విడాకులకి కూడా డిప్రెషన్ వచ్చి తగ్గింది అంటే సరిపోదు. 1955 హిందూ వివాహ చట్టంలో అడిగేది నయం కాని మతిభ్రమణమో, కలిసి బతకడం సాధ్యం కాదనిపించేంత తీవ్రమైన జబ్బో. ఆసుపత్రిలో చేరినంత మాత్రాన మతి లేనివారని అర్థం కాదు, అది కోర్టు తేల్చాలి. ఆయన బెదిరింపులు ఫోన్ మెసేజీల్లో ఉంటే తుడిచెయ్యకండి. ఇక ఈ విషయం డాక్టరుది కాదు, లాయరుది.

ప్రశ్న: మిర్చి యార్డులో గుమస్తాని సార్. తాగుడు ఎక్కువైందని పోయిన ఏడాది మా నాన్న తాగుడు మాన్పించే ఒక సెంటరువాళ్ళకి డబ్బు కట్టారు. తెల్లవారుజామున ఐదింటికి నలుగురొచ్చి లుంగీ మీదనే కారెక్కించారు. నాలుగు నెలలు ఫోన్ లేదు, మొదటి రెండు రోజులు గదిలో పెట్టి తాళమేశారు, ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు ఏడు నెలలుగా ముట్టలేదు. ముట్టుకుంటే మళ్ళీ పంపిస్తానంటున్నారు. రాత్రి కారు శబ్దం వింటే లేచి కూర్చుంటున్నాను. — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏడు నెలలు ఆపారు, అది మీ గొప్ప, ఆ సెంటరుది కాదు.

ఫిట్స్ సంగతి చదివి నాకు ఒళ్ళు జలదరించింది. రోజూ ఎక్కువగా తాగే మనిషికి ఒక్కసారిగా తాగుడు ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి లేనివి కనపడటం దాకా వెళ్తుంది, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. ఆ మొదటి రోజులు డాక్టరు పర్యవేక్షణలో, మందులతో గడవాలి. గదిలో వేసి తాళం వెయ్యడం వైద్యం కాదు.

తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఈ 2017 చట్టం కిందికే వస్తాయి. అంటే డీఅడిక్షన్ సెంటరు రిజిస్టరై ఉండాలి, ఒప్పుకోని మనిషిని తీసుకోవాలంటే మొదటి జవాబులో చెప్పిన ఇద్దరి పరీక్ష, మూడింటిలో ఒకటైనా ఉండాలన్న షరతు, 30 రోజుల లెక్క అన్నీ వర్తిస్తాయి. డబ్బు కట్టిన రసీదు అడ్మిషన్ కాగితం కాదు. ఇంటికి ఫోన్ చేసుకోవడం, వచ్చినవాళ్ళని కలవడం మీ హక్కు. తాళాలు, గొలుసులు ఎక్కడికి తీసుకెళ్తాయో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో చూశాం. ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది, ముందస్తు ఆదేశం రాసుకోవడం. "మళ్ళీ నాకు వైద్యం అవసరమైతే ఫలానా విధంగా చెయ్యండి, ఫలానా విధంగా వద్దు, నా తరఫున ఫలానావారు" అని రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో నమోదు చేయించుకోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో అది వర్తించదు. మీ నాన్నగారినే కూర్చోబెట్టి రాయండి, "మళ్ళీ తాగితే వారంలోపు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఓపీకి నాన్నతో కలిసి నేనే వస్తాను" అని మొదటి వాక్యం రాయండి. ఆయనకి కావలసింది ఆ హామీయే అయి ఉంటుంది, పాపం ఆయన కూడా ఏ ఐదింటి కోసమో రాత్రంతా నిద్రపోకుండా కూర్చునే ఉంటారు. మీకు ఆ కారు శబ్దం భయం మాత్రం విడిగా చూపించుకోండి, దానికి వైద్యం ఉంది.

ప్రశ్న: విజయవాడ రైల్వే స్టేషను బయట ఒకావిడ నెల రోజులుగా అదే చీరతో తిరుగుతోంది, తనలో తాను మాట్లాడుకుంటోంది, కాలికి పుండు. పోలీసులకి చెప్తే జైల్లో వేస్తారేమోనని ఊరుకున్నాం. — ఇద్దరు స్నేహితులు, సింగ్ నగర్

జవాబు: వెయ్యకూడదు. తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం ఆ స్టేషను అధికారి బాధ్యత, లాకప్పులో ఉంచడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వీల్లేదు. ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఎక్కడ కూర్చుంటుందో, ఏ వేళకి ఉంటుందో చెప్పండి, కాలి పుండు సంగతి ముందు చెప్పండి. వెళ్ళే ముందు ఒక అరటిపండు, నీళ్ళ సీసా ఇచ్చి పేరడిగి చూడండి. ఊరి పేరు చెప్పినా చాలు, మావాళ్ళు అక్కణ్ణుంచి ఇల్లు వెతుకుతారు.